ముప్పై వేల చీటీల్లో గోళెం

కోరుట్లలో ఉండే మా పెదనాన్న, మా మాటలో పెద్దబాపు, తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్లపాటు మా వైపు మాటలన్నీ చీటీల మీద రాసి, అక్షర క్రమంలో రేకు డబ్బాల్లో పేర్చుకున్నాడు. మొత్తం ముప్పై వేల చీటీలు. చేతులు వణకడం మొదలయ్యాక డబ్బా తెరిస్తే చాలు, చీటీలు జారి చెల్లాచెదురయ్యేవి. నేను జగిత్యాలలో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. వాటన్నిటినీ ఫోన్లో వేసిస్తానన్నాను.

“ఫోన్ అద్దు బిడ్డా. మాట దేవులాడుతుంటె నడుమల ఎవలో ఒకలు మోగిస్తరు. మాటలు దేవులాడుడు తప్ప ఇంకో పని తెల్వని డబ్బా ఉంటె ఇయ్యి” అన్నాడు.

రెండు వేసవి సెలవులు కూర్చుని, ఆయన పేర్చిన వరస చెడకుండా అన్నీ టైపు చేశాను. గోరంత మెమరీ కార్డులో పట్టేశాయి. దాన్ని చదవడానికి అగ్గిపెట్టెలో ఇమిడే మైక్రోకంట్రోలర్ బోర్డు, పెద్ద మీటల కీబోర్డు, చిన్న తెర కలిపి బిగించాను. బోర్డు చవకది. దాని సొంత మెమరీలో ఒకేసారి నాలుగైదు చీటీలకు మించి నిలవవు. అందుకని మొదటి చీటీ నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ పొమ్మని చెప్పాను. పెద్దబాపు ‘సోపతి’ అని కొట్టి, చాయ్ మొత్తం తాగేశాక మాట తెర మీదికి వచ్చింది.

“జగిత్యాల నుంచి నడుసుకుంట అచ్చినట్టున్నది” అని నవ్వాడు.

మరుసటి ఆదివారానికి పద్ధతి మార్చాను. ముందు సరిగ్గా నడిమి చీటీ చూడాలి. కావలసిన మాట దానికి ముందు వచ్చేదైతే తర్వాతి సగాన్ని, తర్వాత వచ్చేదైతే ముందటి సగాన్ని వదిలేయాలి. మిగిలినదాంట్లో మళ్లీ నడిమిది. ఈసారి ఆయన మీట మీంచి వేలు తీసేలోపే సోపతి వచ్చేసింది. నమ్మలేక ఇంకో పది మాటలు కొట్టాడు. అన్నీ అట్లాగే వచ్చాయి.

“గోళెం ఉన్నదా సూడుండ్రి” అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

తెర మీద ‘లేదు’ అని వచ్చింది.

“లేకపోవుడేంది? మా అవ్వ నూలు నానేసిన తొట్టి గది. నేనే రాసిన!” అన్నాడు పెద్దబాపు.

నాకు తల కొట్టేసినట్టయింది. చూసిన ప్రతి చీటీలోని మాటనూ చూపించమని బోర్డుకు చెప్పి మళ్లీ వెతికించాను. పెద్దబాపు పైకి చదివాడు. “నాగలి… కొంగు… చీపురు… గుమ్మి… గొర్రు…” ఒక్కో మాటా గోళేనికి దగ్గరవుతూ వచ్చింది. ఉన్నట్టుండి ఆయన ఆగాడు.

“‘గోస’ కాడికచ్చి ఎనుకకు మర్లింది సూడు. స తర్వాత గద ళ! ముందటికి పోవాలె.”

తప్పు నాదే. ఆయన వర్ణమాలలో ళ అక్షరం హ తర్వాత వస్తుంది. కంప్యూటరు అక్షరాల వరసలో ల పక్కనే ఉంటుంది. చీటీలు ఆయన వరసలో ఉంటే, నా బోర్డు వాటిని ఇంకో వరసలో పోలుస్తోంది. ఆయన అక్కడే కూర్చుని వర్ణమాల చెబుతుంటే ఆ వరసనే బోర్డుకు ఎక్కించాను. గోళెం వచ్చింది. అది చూసిన చీటీలను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

“పదిహేను. మరి మిగిలినయి?”

“ముట్టనే లేదు పెద్దబాపు. ఏ మాటైనా గంతల్నే దొరుకుతది.”

“నేను ఇంకో ముప్పై వేలు రాస్తె?”

“ఇంకొక్క చీటీ ఎక్కువ సూస్తది. గంతే.”

“నలభై ఏండ్లు పిల్లలకు అ ఆలు దిద్దిపిచ్చిన. గా వరసల గింత బలమున్నదని నాకు తెల్వకపాయె” అన్నాడు మెల్లగా. నేను ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద రాసి చెప్పే పాఠమే ఇది. అయినా ఆ పూట నాకూ కొత్తగానే అనిపించింది.

“రాసినా మల్ల దొరుకయని ఈ నడుమ రాసుడు బంద్ జేసిన” అన్నాడు కాసేపటికి.

ఆ తర్వాతి ఆదివారం నేను బస్సు దిగేసరికి, భుజాన సంచీతో బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. “సిరిసిల్లకు పోదాం పా. మీ మేనత్తకు మగ్గం మాటలు ఇంక యాదికున్నయి.” మేనత్త చెబుతూ పోయింది, ఆయన అడుగుతూ పోయాడు, నేను రాస్తూ పోయాను. సాయంత్రానికి తెచ్చిన చీటీలు అయిపోతే బస్సు టికెట్ల వెనక కూడా రాశాం.