ఫోనెత్తే మోటారు

కోతకొచ్చిన ఎకరన్నర వరి పొలాన్ని, సూర్యాపేటలో కుర్చీలోంచి లేవకుండా, నీళ్లలో ముంచిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కడినే అనుకుంటా. అప్పుడు వాన పడలేదు. కాలువ తెగలేదు. చెరువు మత్తడి దుంకలేదు. అంతా ఆన్‌లైన్‌లో నేను తెప్పించిన ఒక చవక డబ్బా చలవ. చెప్తాను, మీరు హాయిగా నవ్వుకోండి. నేను నవ్వడం మొదలుపెట్టడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారును. ఫోన్లో వేలు ఆడిస్తే చాలు, లోకమంతా సగం ధరకే దొరుకుతుందని నా నమ్మకం. నా దగ్గర ఎడమ చెవికి మాత్రమే పాడే ఇయర్‌ఫోన్లు రెండు జతలుండేవి. రెండో జతైనా కుడి చెవికి పాడుతుందేమోనని కొన్నాను, పాడలేదు. ఒక చార్జరు ఉండేది. అది ఫోన్‌కు చార్జింగ్ ఎక్కించకుండా తానే వేడెక్కేది. చలికాలం పొద్దున్నే చేతులు కాచుకోవడానికి దానంత మంచి వస్తువు లేదు. మా ఆవిడ సుజాత ఆ పార్సిళ్లను చూసి, "ఇంట్లకు వస్తువులొస్తున్నయా, కొనూపిరి మీదున్న రోగులొస్తున్నరా?" అనేది. నేను లెక్కచేయలేదు. చవకలో కొనడం కూడా ఒక చదువే, అందులో నాకు డిగ్రీ ఉందని అనుకునేవాణ్ని.

ఇక మా మామ నర్సయ్య. పెన్‌పహాడ్ దగ్గర పల్లెలో ఆయన పొలం, బోరు. పిల్లనిచ్చి ఆరేళ్లయినా ఆయన మా ఇంట్లో ఒక్క రోజైనా నిద్ర చేయలేదు. రమ్మంటే ఒకటే మాట. "నేనొస్తే బోరెవడు పెడతడు?" ఇంకో మాట కూడా అనేవాడు గానీ అది నా వెనక: "మా అల్లునికి కంప్యూటర్ తెలుసు. ఇంకేం తెల్వదు."

ఈ రెండు మాటలకూ ఒక్క దెబ్బతో జవాబు చెప్పాలనుకున్నాను. అక్కడే మొదలైంది పరేషాన్.

మా దిక్కు బోరు మోటార్లకు సెల్ స్టార్టర్లు పెట్టుకోవడం మామూలే. అదొక డబ్బా. అందులో సిమ్ కార్డు వేస్తాం. ఇంటి నుంచి దానికి ఫోన్ చేస్తే డబ్బా ఫోనెత్తి మోటారు నడుపుతుంది. మళ్లీ చేస్తే ఆపుతుంది. మంచి డబ్బా యజమాని నంబరుకు తప్ప ఎవరికీ పలకదు. సూర్యాపేట దుకాణంలో అడిగితే ధర చూసి నాకు కళ్లు తిరిగాయి. నా ఫోన్లో మాత్రం "డెబ్బై శాతం ఆఫ్" అని ఎర్రగా మెరిసిపోతోంది. ఆ ఆఫ్ ధరకే గానీ మోటారుకు కాదని ఎవరు మాత్రం ఊహిస్తారు?

డబ్బా వచ్చింది. సిమ్ కావాలి. కొత్తది కొనడమెందుకు దండగని, అల్మారాలో పడి ఉన్న నా పాత సిమ్ వేశాను. పదేళ్ల నంబరది. కోదాడలో చీరల దుకాణం లక్కీ డ్రా కూపన్ మీద రాసింది ఆ నంబరే. ప్లాట్లు అమ్మేవాళ్లకు, లోన్లు ఇస్తామనేవాళ్లకు మొహమాటంతో చెప్పింది ఆ నంబరే. నా ఆన్‌లైన్ ఖాతాలన్నిటికీ ఇచ్చింది కూడా ఆ నంబరే. ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

డబ్బాను బోరు దగ్గర బిగించాక మామ తన ఫోన్ నుంచి నొక్కాడు. డబ్బా ఎత్తింది. ఒక ఆడగొంతు ఏదో పరాయి భాషలో రెండు ముక్కలు పలికింది. మోటారు బుస్సుమంది, పైపులోంచి నీళ్లు దుమికాయి. మామ ముఖంలో మొట్టమొదటిసారి నా కోసం ఒక చిన్న వెలుగు.

"ఏమన్నదల్లుడా గా పిల్ల?"

"మోటారు నడుస్తుందని చెప్తుంది మామా."

"ఏ బాసల?"

"అది… అంతర్జాతీయ భాష."

రెండు నెలలు బాగానే గడిచింది. మధ్యలో ఒకసారి మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, నేను ఫోన్ జేయకముందే మోటరు నడుస్తుందే? నేను జేస్తే బందయితుంది. ఏమన్న తేడా ఉన్నదా?"

తెలివైనవాడైతే అక్కడ ఆలోచిస్తాడు. నేను జవాబు చెప్పాను. "అది స్మార్ట్ డబ్బా మామా. పైరుకు దూపయితే, నీళ్లు గావాలంటే, దానికి ముందే తెలుస్తది."

"అబ్బో!" అన్నాడు మామ. ఆ "అబ్బో" విని నేను వారం రోజులు కాలరెత్తుకుని తిరిగాను.

యాసంగి వరి పండింది. కోతకు ముందు పది పన్నెండు రోజులు నీళ్లు ఆపి మడి ఆరబెట్టాలి. నేల గట్టిపడితేనే టైర్ల మిషన్ దిగుతుంది. కోదాడ నుంచి కోత మిషన్‌ను మామ గురువారానికి మాట్లాడుకున్నాడు. మోటారు ఆపేసి వారమైంది. నాలుగు రోజులు ఖాళీ. నేను ఫోన్ అందుకున్నాను.

"మామా, ఇగ రా మా ఇంటికి. నువ్వు ఫోన్ ముట్టకుంటే మోటరు నడవదు. నడవాలంటే నీ వేలు గావాలె. మరింకేం భయం?"

"నిజమేనా?"

"నాది గ్యారంటీ."

ఆరేళ్ల తర్వాత మామ మా గడప తొక్కాడు. సుజాత సంతోషం చూడాలి, నాయిన కోసం పొద్దున సర్వపిండి, మాపటికి నాటుకోడి. నేను మామ పక్కన కూర్చుని డబ్బా గొప్పలు చెప్తున్నాను. ఆయనకు ఒక్కటే అసంతృప్తి. "అంతా మంచిగనే ఉన్నది గానీ, గా పిల్ల తెలుగుల మాట్లాడితే బాగుండు."

"ఎంతలో పని!" అని, ఆయన చూస్తుండగానే ఫోన్ తీసి కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. 'గొంతు తెలుగులోకి మార్చాలి. వెంటనే నాకు ఫోన్ చేయండి.' ఎన్నిసార్లయినా సరే, నేను దొరికేదాకా చేయండి, అని కింద ఇంకో ముక్క కూడా చేర్చాను. మామ తల ఊపాడు. "అడిగేటోడుంటేనే పని జరుగుతది."

కంపెనీ నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు. "సూసినవా నాయినా, ఆన్‌లైనోళ్ల సంగతి," అంది సుజాత. "వస్తది, వస్తది," అన్నాను నేను ధీమాగా. వస్తూనే ఉందండీ. నాకు కాదు, అంతే.

గురువారం పొద్దున మామ ఇంకా టీ తాగుతున్నాడు. కోదాడ మిషన్ డ్రైవర్ కోటేశ్వరరావు ఫోన్. స్పీకర్లో పెట్టాడు.

"బాబాయ్, మిషన్ తీసుకొచ్చానండి. పొలం ఎక్కడుందండి?"

"గదేందయ్యా! బోరు పక్కన్నే ఉంటది కదా!"

"బోరు కనపడతా ఉంది బాబాయ్. దాని పక్కన చెరువు కూడా కనపడతా ఉంది. పొలమే కనపడట్లేదు."

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. నన్ను చూశాడు. నేను డబ్బా ఉన్న దిక్కుకు, అంటే గోడ వైపు, చూశాను.

బండి మీద ఇద్దరం వెళ్లాం. దారి పొడవునా మామ పక్కోళ్ల ఆరిన మడులనే చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బండి తేలికగా నడిచేది. పొలం దగ్గర పైపు లావుగా నీళ్లు కక్కుతోంది. బంగారం లాంటి వరి మోకాళ్ల లోతు బురదలో నిలబడి ఉంది. పక్క పొలం ఐలయ్య గట్టు మీద కూర్చుని మమ్మల్ని చూసి లేచాడు.

"ఏందిరా ఐలయ్యా, సూసి కూడ బంద్ పెట్టలేదా?" అన్నాడు మామ.

"నువ్వు సూర్యాపేటల కూసోని ఫోన్ల నడుపుతున్నవనుకున్నా. నీ అల్లుడు పెట్టిన మిషనాయె. మాకేం సమజైతది?"

మామ గబగబా వెళ్లి చేత్తో మోటారు ఆపాడు. ఉస్సురంటూ పైపు ఆగింది. ఆకాశంలో మబ్బులు కూడుతున్నాయి. వాన పడితే ఆ వరి మొత్తం పడుకుంటుంది. పడుకున్న వరి గింజ నీళ్లలో మొలకెత్తితే ఇక ఖతం, ఆరు నెలల కష్టం పోయినట్టే.

అందరం గట్టు మీద నిలబడ్డాం. మామ ఫోన్ జేబులో ఉంది. నా ఫోన్ చేతిలో ఉంది. ఎవరమూ ఏదీ నొక్కలేదు. డబ్బా టక్కుమంది. ఆడగొంతు తన రెండు ముక్కలూ పలికింది. పైపు మళ్లీ దుమికింది.

"ఎవలు జేసిన్రు ఫోను?" మామ డబ్బా వైపు వేలు చూపించాడు.

అప్పుడే నా ఫోన్లో కంపెనీ నుంచి మెయిల్. మామ "సదువు" అన్నాడు. చదివాను. 'సార్, మీ ఫిర్యాదు మీద, మీ ఖాతాలో ఉన్న నంబరుకు నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నాం. ఇప్పుడే మరోసారి చేశాం. ప్రతిసారీ మీ ఇంట్లో ఒక మేడమ్ ఎత్తి, ఏదో చెప్పి పెట్టేస్తున్నారు. దయచేసి మీరే మాట్లాడగలరు.'

కోటేశ్వరరావు మిషన్ మెట్టు మీద కూలబడి నవ్వాడు. "అంటే సార్, వాళ్లు చేస్తే మోటార్ ఆన్ అవుద్ది, మళ్లీ చేస్తే ఆగుద్ది. పాపం, ఆఖరిసారి ఆపటం మర్చిపోయారండి!"

మామ నవ్వలేదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాడు. "పైరు దూప దానికి తెలుస్తదంటివి కదల్లుడా," అన్నాడు, అంతే. ఆ ఒక్క ముక్కతో బురద లేని చోట కూడా నేను మోకాళ్ల దాకా దిగబడ్డాను.

"ఈ టైర్లు దిగవండి," అన్నాడు కోటేశ్వరరావు. "బురదలో నడిచే చైన్ మిషన్ కావాలి. మిర్యాలగూడ వైపు ఉంటాయి."

ఉన్నపళంగా మిర్యాలగూడ వెళ్లాను. చైన్ మిషన్లన్నీ ఆయకట్టు పొలాల్లో తీరిక లేకుండా తిరుగుతున్నాయి. యాదగిరి అనే ఆయన దగ్గర ఒకటి ఉందంటే పోయి దండం పెట్టాను.

"పది దినాలదాంక ఖాళీ లేదు సారూ. అయినా ఈ ఎండలకు మడిల నీళ్లెట్లొచ్చినయి? వాన గిట్ల పడ్డదా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. మబ్బు గుర్తొచ్చి మింగేసి నిజం చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఆగు," అని లోపలి నుంచి తమ్ముణ్ని పిలిచాడు. "మల్ల చెప్పు." చెప్పాను. మర్నాటి వంతు ఉన్న రైతు వస్తే ఆయనకూ చెప్పించాడు. మూడోసారికి నాకే కథ బాగా కుదిరింది, ఆడగొంతును కూడా అనుకరించాను. ఆ రైతు కడుపు పట్టుకుని, "నాది ఒక్కరోజు ఆగితేం గాదు తీయ్, ముందు ఈ సారు వరి కోయి," అన్నాడు.

శుక్రవారం మిషన్ దిగింది. చివరి ట్రాక్టరు రోడ్డెక్కాక మొదటి చినుకు పడింది. కొంత గింజ రాలింది, గడ్డి బురదపాలయింది, కానీ వరి దక్కింది. మామ తలకు చుట్టిన పట్కా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆయన తుడుచుకున్నది చెమట ఒక్కటేనో కాదో నేను అడగలేదు.

డబ్బాలోంచి నా పాత సిమ్ తీసి మామ తన ఫోన్లో వేసుకున్నాడు. "ఎవలెవలు చేస్తరో నేను జూస్త," అన్నాడు. మరుసటి వారం మేమంతా కూర్చుని ఉండగా అది మోగింది. స్పీకర్లో తియ్యని తెలుగు.

"నమస్తే సార్. మా సెల్ స్టార్టర్‌కు ఐదులో ఎన్ని స్టార్లు ఇస్తారు సార్?"

మామ నా వైపు చూశాడు. "డబ్బాకా బిడ్డా, తెచ్చిన అల్లునికా?"

అటువైపు అమ్మాయి కీబోర్డు టకటకలాడించింది. "రెండిటికీ చెప్పండి సార్."

"డబ్బాకు సున్న. అల్లునికి…" సుజాత ఫోన్ దగ్గరికి జరిగింది. నేనూ జరిగాను. "రెండు రాసుకో. మునగబెట్టిండు గానీ, మిషన్ కూడ తెచ్చిండు."

కాబట్టి, ఆ రోజు రెండు స్టార్లు రాయించాక మామ జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టిన ఫ్యూజు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఎర్రక్షరాల ఆఫర్ వైపు వేలు చాపను. ఏ డబ్బా గుణాలనూ కనిపెట్టి మరీ పొగడను. ఎన్నిసార్లయినా ఫోన్ చేయండని ఎవరికీ రాయను. ఆరేళ్లు తపస్సు చేసి సంపాదించిన రెండు స్టార్లవి. ఒక్కటి రాలినా మళ్లీ కోయడానికి ఏ చైన్ మిషనూ రాదు.