కైసరు చెంప మీద రాగి

సంతోషకుమారి చేతులు కైసరు మెడ దగ్గర ఉన్నాయి. ఎడమచేతిలో ప్లాస్టర్ దిమ్మ, దాని మీద గులాబీరంగు మైనం, మైనంలో సగం దిగిన వెండి నాణెం. కుడిచేతిలో పళ్ల డాక్టర్లు గార గీకే సన్నటి కొక్కెం. మెడకీ చెవికీ మధ్య పట్టిన లేత ఆకుపచ్చ పొడిని కొద్దికొద్దిగా లేపి, కుంచెతో పక్కకి తోస్తోంది. ఊదడం లేదు. ఊదితే నోటి తడి నాణెం మీద పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ గాలిలో తడి ఇప్పటికే సరిపడా ఉంది.

గోల్ ఘర్‌లో మందుల షాపు మేడ మీద ఆమె పళ్ల ల్యాబు. ల్యాబంటే ఒక గది, ఒక బల్ల, ఒక దీపం. ఊళ్లో ముగ్గురు డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, ఆమె పళ్ల సెట్లు చేసి పంపుతుంది. ఈ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పంతొమ్మిదో ఏట ఒక క్లినిక్‌లో ప్లాస్టర్ గిన్నెలు కడగడానికి చేరింది. ఆ రోజుల్లో సెట్లు మద్రాసు నుంచి ఓడలో వచ్చేవి. వచ్చాక సగం నోళ్లకి సరిపోయేవి కావు. సరిపోనివాటిని అరగదీయడం ఆమెకి అప్పజెప్పారు. కొన్నాళ్లు అరగదీశాక, దీనికన్నా కొత్తది చేయడమే తేలిక అనిపించి చేసేసింది. ఇప్పుడు యాభై రెండేళ్లు. ఫీనిక్స్ బే జెట్టీలో నవ్వే, బోట్లు నడిపిన ముసలి సరంగుల్లో సగం మంది ఆమె కట్టిన పళ్లతోనే నవ్వుతారు.

ఆమె కట్టిన మొదటి సెట్టు మాత్రం సరంగుది కాదు, రాజకుమారి వదినది. గిన్నెలు కడిగే పిల్ల చేసిన పళ్లు నోట్లో ఎవరు పెట్టుకుంటారని అందరూ వెనకాడుతుంటే, రాజకుమారి కుర్చీలో కూచుని నోరు తెరిచింది. చనిపోయేదాకా అదే సెట్టు వాడింది.

నాణెం రాజకుమారి భర్త ప్రసన్న కుమార్‌ది. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బోటు టికెట్ల కౌంటర్లో కూచుని రిటైరయ్యాడు. అన్నేళ్లూ కిటికీకి ఇవతల జనం తోసుకుంటుంటే, అవతల ఆయన రోము చక్రవర్తుల గురించి ఆలోచించేవాడు. పోస్టులో తెప్పించి, మద్రాసు వెళ్లినప్పుడల్లా వెతికి, ముప్పై ఏడు రోము నాణేలు కూడబెట్టాడు. ముప్పై ఆరు కంచువి, గోరంత. మాట్లాడటం మొదలుపెడితే ఒక్కో చక్రవర్తికీ అరగంట. రాజకుమారి వాటిని "మీ చిల్లర" అనేది. అంటూనే, డబ్బాలో తేమ పీల్చడానికి వేసిన బియ్యపు గింజల్ని నెలకోసారి తనే మార్చేది.

ముప్పై ఏడోది తిబెరి కైసరు వెండి దేనారము. ఒకవైపు కైసరు తల, రెండోవైపు కుర్చీలో కూచున్న స్త్రీ. ఏటా కోతల పండుగ ఆదివారం తెలుగు చర్చిలో పాస్టరుగారు 'కైసరువి కైసరుకి' అన్న పన్ను నాణెం ప్రసంగం చెబుతూ దాన్ని ఎత్తి చూపిస్తారు. ఈ ఏడు ప్రసన్న కుమార్ దాన్ని శనివారమే తీసుకెళ్లి, బల్ల మీద ఇత్తడి పళ్లెంలో పెట్టి వచ్చాడు. ఆ శనివారమే స్త్రీల సమాజం వాళ్లు గుడి సామాన్లు తోమే రోజు. సమాజానికి పెద్ద బుల్లమ్మ. పళ్లెంలో ఏదైనా మురికిగా ఉంటే వదిలే మనిషి కాదు. చింతపండు, ఉప్పు, బూడిద కలిపి, పళ్లెంతోపాటు కైసరునీ తోమింది.

మర్నాడు ప్రసంగం అయ్యాక ప్రసన్న కుమార్ లేచి, ఈ వెండి దేనారాన్ని తన భార్య జ్ఞాపకార్థం శాశ్వతంగా సంఘానికి ఇచ్చేస్తున్నానని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నాణేన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. కైసరు చెంప ఎర్రగా ఉంది. రెండు వారాల్లో ఆ ఎరుపు చుట్టూ ఆకుపచ్చ పొడి కూడా లేచింది. అప్పుడు దాన్ని సంతోషకుమారి దగ్గరికి తెచ్చాడు.

ల్యాబు మెట్లెక్కిన ఆయాసం తీరకముందే బుల్లమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"ఏటే సంతోషం, ఆ ప్రసన్నం నా మీద కేసు పెడతాడా ఏటి?"

"కేసు లేదు అత్తా. కూచో."

"నానేటి సేసినాను? నల్లగా ఉంది, తోమినాను."

"దానికి ఆ నలుపు ఉండాలి అత్తా."

"మురికి ఉండాలా?"

"ఉండాలి."

బుల్లమ్మ బల్ల మీద వరసగా ఆరుతున్న ప్లాస్టర్ దవడల్ని చూసింది. "నన్నేమో పూటపూటా తోముకోమంటావు. రాజుగారికి అక్కర్లేదేం?"

సంతోషకుమారి కొక్కెం కొన తుడుచుకుంది.

"అయినా తోమితే ఊడిపోయే వెండి వెండేనా? గుడిలో గిన్నె నలభై ఏళ్లుగా తోముతున్నాను. ఊడిందా? నక్లీ మాల్ అది. పక్కా."

అప్పుడే మెట్లెక్కి వచ్చిన ప్రసన్న కుమార్ ఆ మాట విన్నాడు.

"ఆదివారం అందరి ముందూ ఈ మాట అనకు పెద్దమ్మా."

"నానెందుకంటాను బాబూ? సెప్పాల్సినోళ్లకి ఇప్పటికే సెప్పేసినాను." బుల్లమ్మ కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

ప్రసన్న కుమార్ సంచిలోంచి ఇత్తడి రేకు తీశాడు. ముందే చెక్కించేశాడు. 'కైసరు కాలపు వెండి దేనారము. కీర్తిశేషులు రాజకుమారి జ్ఞాపకార్థం.' గుడిలో అద్దాల బీరువా వచ్చే ఆదివారం తెరుస్తారు.

"లోపల రాగి అని నాకూ అర్థమైంది. షాపువాడు మోసం చేశాడు. అది నా ఖర్మ. కానీ మీ వదిన పేరు కింద నక్లీ ఉండకూడదు. ఆ ఎర్రటి చోట వెండి పెట్టెయ్యి సంతోషం. పుచ్చిన పంటికి పెడతారే, అదే. అరగంట పని."

"అరగంట పట్టదు అన్నయ్యా."

"మరింకేం?"

"నేను కట్టిన పన్ను కట్టుడు పన్నని పెట్టుకున్నవాళ్లకి తెలుసు. దీన్ని చూసేవాళ్లకి తెలీదు."

"నాకు తెలుసుగా!"

"నువ్వు దాచేది వాళ్ల దగ్గర."

ఆయన రేకుని బల్ల మీదే పెట్టి లేచాడు. "రాజకుమారి నీకెప్పుడైనా కాదందా?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయాడు.

లేదు, కాదనలేదు. సంతోషకుమారికి ఆ రోజంతా వేరే పని నడవలేదు. ఒక సెట్టుకి కింది పళ్లు పై వరసలో అమర్చి, మళ్లీ ఊడదీసింది.

మర్నాడు పొద్దున్నే వెండి పొడీ పాదరసమూ కలిపి కల్వంలో నూరింది. ముద్ద మెత్తగా వచ్చింది. గట్టిపడేలోగా పెట్టేయాలి. చెంప దీపానికి ఎదురుగా రావాలని మైనాన్ని వేడి చేసి, నాణేన్ని పీకి, నిలువుగా గుచ్చింది. అలా గుచ్చితే ఈసారి భూతద్దం కింద నాణెం అంచు కనిపించింది.

అంచు చుట్టూ వెంట్రుకంత గీత. రెండు వెండి రేకులు రాగి బిళ్లకి చెరోవైపు తొడిగి, అంచులు ఒకదాని మీద ఒకటి మడిచి, కాల్చి అతికించారు. ఆ తర్వాతే కైసరుని అచ్చు కొట్టారు. అతుకు ఎక్కడా లేవలేదు, వంకర పోలేదు. ఒక్కచోట మాత్రం మడత కొంచెం ఎక్కువైతే, దాన్ని లోపలికి నొక్కి సర్దిన ఆనవాలు ఉంది. పంటి క్యాప్ చిగుళ్ల దగ్గర ఎక్కువైతే ఆమె సర్దేదీ అలాగే. సంతోషకుమారి గీత వెంట చుట్టూ తిరిగి వచ్చింది. ఇంకోసారి తిరిగింది. కల్వంలో ముద్ద రాయయింది.

ఫోన్ చేసింది. "అన్నయ్యా, రా. అంచు చూడాలి."

అంచు అనేసరికి ఆయన చెప్పులు తప్పు కాళ్లకి వేసుకుని వచ్చాడు. కౌంటర్లో ఉన్నన్నాళ్లూ ఆయనకి పేరు తెచ్చింది అంచులే. టూరిస్టులు కొందరు దొంగ ఐలాండర్ కార్డులు చూపించి, ఇక్కడివాళ్ల క్యూలో దూరేవాళ్లు. ఆయన ఫోటో చూసేవాడు కాదు, కార్డుని అడ్డంగా తిప్పి ప్లాస్టిక్ అంచు చూసేవాడు. "కార్డు చేసినవాడు పనిమంతుడే, వెనక లైన్లోకి వెళ్లండి భయ్యా" అనేవాడు.

భూతద్దం మీద వంగి చాలాసేపు చూశాడు.

"అతుకు," అన్నాడు.

"అవును. అతుకు కిందికి చూడు. రాగి పచ్చబడి, ఆ పచ్చదనం వెండి అడుగున లోపలికంటా పాకింది. మొన్నటి చింతపండుకి ఇంత పాకదు. మీ షాపువాడూ చేయలేడు. దీనికి చాలా కాలం పడుతుంది."

"అంటే కైసరు కాలంలోనే ఎవడో..."

"ఎవడో. నేను చేసే క్యాప్‌కి అయిదేళ్లు నిలుస్తుందని చెప్తాను. ఇతను ఎన్నేళ్లు చెప్పాడో మరి. రెండు వేల ఏళ్లు నిలిచింది."

ప్రసన్న కుమార్ తల ఎత్తకుండా అడిగాడు. "వెండి పెడితే ఈ గీత ఏమవుతుంది?"

"చెంప నింపి ఊరుకుంటే తేడా తెలుస్తుంది. అంచు దాకా సాపు చేయాలి. గీత పోతుంది."

ఆయన భూతద్దం వదల్లేదు. చక్రవర్తుల గురించి ఒక్క మాట రాలేదు. చివరికి, "వదిలెయ్. గీత ఉండనీ," అన్నాడు. భూతద్దం మీంచి తల ఎత్తి, "ఇదంతా తెలిస్తే మీ వదిన ఏమనేది?" అన్నాడు.

"మీ చిల్లరే అనేది."

ఆయన నవ్వాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆమె పనిగుడ్డ వాడాడు. దానికి ప్లాస్టర్ ఉండటం వల్ల ముఖం తెల్లబడింది.

తర్వాత రేకు సంగతి వచ్చింది. ఇత్తడి రేకు వెనకవైపు ఖాళీగా ఉంది. పన్ను తొలిచే సూదితో అక్షరాలు చెక్కుతానంది సంతోషకుమారి. ఏం రాయాలో ఆయన చెప్పాడు. 'తిబెరి కైసరు దేనారము. రాగి మీద వెండి రేకు. ఆ కాలపు దొంగ పని. రాజకుమారి జ్ఞాపకార్థం.'

సంతోషకుమారి కాగితం మీద రాసి, ఆయన ముందుకి తోసింది. ఆయన చదువుకున్నాడు.

"దొంగ పని పక్కనే మా ఆవిడ పేరా?"

"నువ్వు చెప్పిందే."

"అయితే ఆవిడ పేరు పైన రాయి."

పైన రాసింది. ఆయన మళ్లీ చదివాడు. "ఇప్పుడు ఆవిడే చేసినట్టుంది."

"రెండు రేకులు చేస్తాను అన్నయ్యా."

మూడు రోజులు పట్టింది. నాణేన్ని స్వేదనజలంలో నానబెట్టి, పూటకోసారి నీళ్లు మార్చి, ఉప్పు వదిలించింది. దీపం కింద ఆరబెట్టి, పల్చగా తెల్ల మైనం పట్టించింది. చెంప ఎర్రగానే ఉంది. నిలబెట్టడానికి పళ్ల సెట్ల తీగతో మూడు సన్న కొక్కేలు వంచింది. ఊడిన పంటిని పక్క పళ్లకి పట్టి ఉంచే కొక్కేలవి, అంచుని ఎక్కడా కప్పవు. వెనకాల, పళ్ల డాక్టర్లు నోట్లో పెట్టి చూసే పాత అద్దం ఒకటి బిగించింది. ముందు కైసరు కనపడితే అద్దంలో కుర్చీలో స్త్రీ కనపడుతుంది. ఇత్తడిని రెండుగా కోసి, చెక్కి, మూలలు గుండ్రంగా అరగదీసింది.

శనివారం మధ్యాహ్నం ప్రసన్న కుమార్ వచ్చాడు. నాణేన్ని అన్ని వైపుల నుంచీ చూసి, రేకులు రెండూ పైకి చదివాడు. మొదటిది నెమ్మదిగా, రాజకుమారి పేరున్న రెండోది ఇంకా నెమ్మదిగా.

"బీరువాలో బిగించడానికి స్క్రూలు?"

"నాలుగు. చిన్న పొట్లంలో ఉన్నాయి. ఎక్కువ బిగించకు, తీగ వంగుతుంది."

సంతోషకుమారి నాణేన్నీ రేకుల్నీ డబ్బాలో పెట్టి, దూది సర్ది, మూత నొక్కి, రెండు చేతులతో అందించింది. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు.