కుప్పం మీద పేరు లేని పాయింట్

ఇది కథ కాదు. ముందే చెబుతున్నాను. పిల్లల తల మీద చెయ్యి పెట్టి చెప్పమంటే మాత్రం చెప్పను... ఆ సాయంత్రం తర్వాత నాకు ఒట్లంటేనే భయం. కానీ ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదు. దయ్యాలున్నాయో లేవో నాకు తెలియదు. నా ఒళ్లో వెలిగిన ఆ తెర మాత్రం నిజం.

మాది పుంగనూరు. రెండువేల సంవత్సరం దాటాక మా వైపు వరసగా కరువులొచ్చాయి. బోర్లు ఎండిపోయాయి. మదనపల్లె టమాటా యార్డు పొద్దున్నే ఖాళీ అయిపోయేది. అప్పుడే మేఘమథనం మొదలుపెట్టారు. చిన్న విమానం రెక్కలకు మందు గొట్టాలు బిగించి, మబ్బు కిందికి పోయి వెలిగిస్తారు. ఆ పొగకు వాన పడుతుందని ఆశ. ఆ విమానంలో నాకు ఉద్యోగం దొరికింది.

పైలట్ పక్కన కూర్చుని మబ్బులు చూడటం, చేతిలో పట్టుకునే జీపీఎస్‌లో దారి పెట్టడం... ఇదే నా పని. అది సెల్‌ఫోన్ కన్నా కాస్త పెద్దది. అద్దానికి అతికించే యాంటెన్నా ఒకటి ఉంటుంది. ఏ చోటునైనా అక్షాంశ రేఖాంశాల అంకెలతో అందులో గుర్తు పెట్టుకోవచ్చు. దాన్ని పాయింట్ అంటాం. పాయింట్ ఎంచుకుంటే తెర మీద బాణం అటు తిరుగుతుంది. ఇంకా ఎంత దూరమో అంకె చూపిస్తుంది. అంతే.

పైలట్ శ్రీధర్ గారు. బెంగళూరులో స్థిరపడిన తెలుగాయన. మా విమానం ఉండేదీ అక్కడే. తక్కువ మాట్లాడేవారు. నేను చెప్పిన మబ్బునే నమ్మేవారు.

మా అక్కను కుప్పం అవతల ఒక పల్లెకు ఇచ్చాం. ఊరి పేరు వద్దు. ఒకసారి చూడటానికి పోయినప్పుడు అక్క నా పక్కన కూర్చుని అడిగింది.

"రమణా, మా నెత్తిన ఒకసారి పోరాదా అప్పా? మామిడి చెట్లు నిలువునా ఎండిపోతాండాయి."

"నా చేతిలో ఏముండాది అక్కా? యాడికి పొమ్మంటే ఆడికి పోవాల."

"సరేలే, అట్లనే సెప్పు," అని లోపలికి పోయింది. కోపం కూడా లేదు ఆ గొంతులో. నేను ఆమె మామిడి తోటలోకి నడిచి, జీపీఎస్ తీసి, అక్కడ ఒక పాయింట్ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకే తెలియదనుకున్నాను.

కొన్నాళ్లకు మధ్యాహ్నం ఎగిరాం. నిమ్మనపల్లె మీద మబ్బుంది, అటు పొమ్మని కింద నుంచి రేడియోలో చెప్పారు. పోయాం. మబ్బు నా కళ్ల ముందే ఉంది. నల్లగా, నిండుగా... కడుపుతో ఉన్న గేదెలా. దక్షిణాన, దూరంగా, ఇంకో మబ్బు.

"ఇది విరిగిపోతోంది సార్," అన్నాను. "కుప్పం వైపు బాగుంది."

శ్రీధర్ గారు తల తిప్పి కూడా చూడలేదు. "సరే, దారి పెట్టు," అన్నారు. రేడియోలో కిందివాళ్లకూ అదే చెప్పారు. నేను అక్క తోట పాయింట్ ఎంచుకున్నాను.

ఆ సాయంత్రం కుప్పం అవతల కుండపోత. మా వల్లే పడిందో, పడాల్సిన వానే పడిందో ఈరోజుకీ చెప్పలేను. నిమ్మనపల్లెలో చినుకు లేదు.

తర్వాత అక్క ఊరికి పోతే ఆమె ముఖం వెలిగిపోతోంది. "మా తమ్ముడే తెచ్చినాడు వాన," అని వీధంతా చెప్పేసింది. జనం వచ్చి చూసి పోతున్నారు. అందరూ పోయాక గోడ వారగా ఒకావిడ మిగిలింది. పక్క ఊరి మునెప్ప భార్య. వాన పడిన సాయంత్రం మునెప్ప ఆవుల్ని తోలుకు రావడానికి వంక దాటాడట. వంక పొంగింది. ఆవులు ఇంటికొచ్చాయి. మనిషి రాలేదు. శవం కూడా దొరకలేదు.

"నువ్వేనంట కదప్పా వాన తెచ్చినోడివి," అంది.

నేను లేవబోయాను.

"పైన పోతాంటావంట కదా. మా మనిషి యాడన్నా కనిపిస్తే సెప్పప్పా."

సంతకు పోయేవాడిని ఏదో తెచ్చిపెట్టమని అడిగినట్టు అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చెప్పేది ఆ తర్వాత ఎగిరిన రోజు గురించి.

ఆ రోజు పలమనేరు మీద పని అయ్యేసరికి ఆలస్యమైంది. పొద్దు గూకింది. తిరిగి బెంగళూరు పోతున్నాం. కింద చీకటి... అక్కడక్కడా ఊళ్ల దీపాలు. అద్దం మీద నీటి చుక్కలు వెనక్కి పాకుతున్నాయి. ఇంజన్ల హోరు. హెడ్‌సెట్‌లో సన్నగా బుస్... మన్న శబ్దం. నా ఒళ్లో జీపీఎస్ తెర, పాలిపోయిన పచ్చ వెలుగు. బెంగళూరు పాయింట్ నేనే పెట్టాను. బాణం నిటారుగా ఉంది.

బాణం కదిలింది.

కొంచెం... ఎడమకి.

విమానం తిరగలేదు. రెక్క వంగలేదు. బాణం మాత్రం మెల్లగా... ఎవరో వేలితో నెడుతున్నట్టు... ఎడమకి జరిగింది. ఉపగ్రహాలు తప్పాయేమో అనుకుని ఆ పేజీ తెరిచాను. అన్నీ నిండుగా ఉన్నాయి. వెనక్కి వచ్చాను. తెర మీద బెంగళూరు పేరు లేదు. ఏ పేరూ లేదు. ఉత్త నంబరు. నేను పెట్టని పాయింట్.

అక్క తోట కాదది. తెర మీద తోట గుర్తుకు కాస్త అవతల ఉంది.

అప్పుడు విమానం వంగింది. శ్రీధర్ గారు ఎడమకి తిప్పారు.

"ఏమన్నా మబ్బా సార్?" అన్నాను. ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తారు. ఆయన చూపు కిందికే ఉంది.

దూరం తగ్గుతోంది. తగ్గుతోంది... నా అరచేతిలో చెమట. జీపీఎస్ చల్లగా తగిలింది. బ్యాటరీల మీద నడిచే వస్తువు ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. అది చల్లగా ఉంది. తడిసిన రాయిలా.

టిక్... మంది. చేరామని అర్థం.

కిందికి చూశాను. నలుపు. దీపం లేదు. ఒకచోట నీళ్లు మెరిసినట్టు... లేక అద్దం మీది చుక్కేనేమో. విమానం అక్కడే ఒక చుట్టు తిరిగింది. బాణం ఇప్పుడు గిరగిరా తిరుగుతోంది, ఎటు చూపాలో తెలియక.

మునెప్ప భార్య గుర్తొచ్చింది. ఆ పాయింట్ అంకెలు చూసి, పోయి చెబితే చాలు. వెతుక్కుంటారు. కానీ నీకెలా తెలుసంటారు. జీపీఎస్ చూపించమంటారు. పోయినసారి మేము ఏ దారిన తిరిగామో గీత గీసినట్టు అందులోనే ఉంది. నిమ్మనపల్లె మీద నిండు మబ్బును వదిలి ఎందుకు వచ్చారంటారు...

నా బొటనవేలు బటన్ మీదికి పోయింది. చెరిపేయాలా, అని అడిగింది తెర. అవునని నొక్కాను.

బాణం టక్కున బెంగళూరు వైపు తిరిగింది. విమానం కూడా నిటారైంది. శ్రీధర్ గారు ఏమీ అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు.

నెల తిరక్కుండా ఆ పని మానేశాను. మదనపల్లెలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాను. అక్క ఊరికి పోయినా ఆవిడ ఎదురుపడకుండా తిరిగి వచ్చేవాణ్ణి. మునెప్ప దొరకలేదు.

చాలా ఏళ్లకు శ్రీధర్ గారి నంబరు దొరికింది. ఫోన్ చేశాను. అవీ ఇవీ మాట్లాడాక అడిగాను.

"ఆరోజు కుప్పం మీద ఎందుకు తిప్పారు సార్?"

"నువ్వే కదయ్యా తిప్పమన్నది."

"నేనా?"

"హెడ్‌సెట్‌లో. 'ఈడే... ఈడే' అన్నావు. రెండు మూడు సార్లు. ఏదో చూశావనుకున్నా."

"నేను అనలేదు సార్."

"ఉన్నది ఇద్దరమే కదా రమణా," అని నవ్వారు. మళ్లీ ఆయనే అన్నారు, "గొంతు మాత్రం బొంగురుపోయి ఉండింది. జలుబు చేసిందేమో అనుకున్నా."

నాకు జలుబు లేదు.

నేనే అన్నానేమో. బాగా భయపడినప్పుడు మనిషికి తానేం అంటున్నాడో తెలియదంటారు. ఆ పాయింట్ కూడా అంతకుముందు ఆ మీదుగా పోయినప్పుడు, విమానం కుదిపితే, నా వేలే పొరపాటున నొక్కిందేమో. ఇలా ఎన్నో చెప్పుకున్నాను. ఒక్కటీ నిలవలేదు.

మునెప్ప భార్య ఇంకా బతికే ఉందట, అక్క చెప్పింది. పోయి అంతా చెప్పేద్దామని బస్టాండు దాకా పోయిన రోజులున్నాయి. బస్సు వస్తుంది... ఎక్కను. ఎక్కి ఏం చెప్పాలి? "చూశానమ్మా" అంటే, "యాడప్పా?" అని అడుగుతుంది.

సరిగ్గా ఎక్కడో నాకు తెలియదు. చెరిపేసే ముందు ఆ అంకెలు నేను చదవలేదు.