పత్తి చేనులో ఇరుక్కున్న తూటా

హైవే మీద, రఘునాథపల్లి దాటాక మా ఆయనకు చిన్న పెట్రోల్ బంకు ఉంది. వసూలైన నగదు తనే వరంగల్‌కు తెచ్చేవాడు కాబట్టి పిస్తోలుకు లైసెన్సు తీసుకున్నాడు. పోయినేడు అట్లా డబ్బు తెస్తుంటే ఇద్దరు మనుషులు బైకు అడ్డం పెట్టి ఆయన్ని ఆపారు. వెనకాల లారీ రావడంతో పారిపోయారని మాత్రమే నాకు చెప్పాడు. అప్పటినుంచి అన్నం సగంలో వదిలేసేవాడు. నిద్రలో ఉలిక్కిపడేవాడు.

తర్వాత, బాగా కాల్చడం నేర్చుకోవాలన్న పట్టుదల పట్టుకుంది. లైసెన్సు మీద దొరికే తూటాలు చాలలేదు. ఫోన్లో వీడియోలు చూసి, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరి పెట్టుకొని, తుపాకీ మందు ఎక్కడినుంచో తెచ్చి, వెనక గదిలో తలుపేసుకొని మళ్లీ నింపడం మొదలుపెట్టాడు. ఆ గోడకు ఇవతలే నా గ్యాస్ పొయ్యి. పోపు చిటపటలాడినా పొయ్యి ఆర్పేసేదాన్ని.

"దొరికితే జైలు. పేలితే ఇల్లే ఉండదు," అన్నాను.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు, నా ముఖం చూడకుండా.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నెక్కొండ దగ్గరి మా పత్తి చేనుకు పోయినం. మొదటి తూటా పేలింది. రెండోది లోపలికి సగమే దూరి ఇరుక్కుంది. పిస్తోలు పైభాగం ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. అరచేత్తో కొట్టబోయాడు. మణికట్టు పట్టుకున్నాను.

"కింద పెట్టు."

"పెడితే పేలుతదేమో."

"పట్టుకున్నా పేలుతది."

మెల్లగా గట్టు మీద పెట్టి, దూరంగా మోటారు గది వెనక్కి వచ్చి, మా చర్చికే వచ్చే ఒక పెద్దమనిషికి ఫోన్ చేసినం. పోలీసుల ఆయుధాల గదిలో చాన్నాళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మేం కాకా అంటాం.

కాక రాకముందే పత్తి ఏరే ఆడవాళ్లు ముగ్గురు అదే గట్టు మీద వస్తున్నారు. చేతులూపుతూ ఎదురు పరిగెత్తాను.

"పామా అక్కా?"

"అవును," అన్నాను, వేరే మాట నోటికి రాక.

"అయితే కొడ్తం పా," అని ఒకామె కట్టె అందుకుంది. ఆమె భుజాలు పట్టుకొని ఆపాను. నా ముఖం చూసి జంకి, చివరికి వెనక్కి మళ్లారు.

కాక స్కూటర్ మీద వచ్చి, మమ్మల్ని దూరం పొమ్మని, ఒక్కడే కూర్చొని తూటా బయటికి తీశాడు.

"కొట్టి ఉంటే నీ చేతులనే పేలేది. రేపు ఇవన్నీ పట్టుకొని స్టేషన్‌కు నువ్వే పో. లేకుంటే నేను చెప్తా."

మా ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "కాకా, వాళ్లు బైకు అడ్డం పెట్టిన రోజు పిస్తోలు నడుముకే ఉండె. చెయ్యి లేవలే."

"లేవకపోవుడే మంచిగైంది బిడ్డా. లేస్తే నిన్ను సంపేటోళ్లు."

మర్నాడు స్టేషన్‌కు పోయినం. కేసు పెట్టారు, లైసెన్సు పోయింది. వాయిదాలకు ఇద్దరం కలిసే పోతున్నాం. ఆయనకు ఇప్పుడు నిద్ర పడుతోంది. వెనక గది ఎన్నిసార్లు కడిగినా, అక్కడ అగ్గిపుల్ల గీయాలంటే మాత్రం నాకింకా భయమే.