ముఖం లేని సాక్షులు

మీకు క్రిప్టో కాయిన్ అమ్మేవాడు అబద్ధమాడితే వాడికేం పోతుందో ఎప్పుడైనా అడిగారా? తరగతిలోనూ టీ కొట్టులోనూ అందరినీ ఆ మాటే అడిగిన మా మాస్టారు మంగళవారం గుండె ఆగి పోయారు. నేను శాంతంగా రాయలేను. చితి చల్లారకముందే, మా కాలనీల్లో కాయిన్ అమ్మే కంపెనీ వాళ్లు ఆయన ఫోటోకు దండ వేసి, ‘మా సలహాదారు’ అని కాలనీ గ్రూపుల్లో పెట్టారు. ఆయన వాళ్లకిచ్చిన సలహా ఒక్కటే, దుకాణం మూసుకోమని.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎకనామిక్స్ చెప్పేవారు. బడి దాటని నాకు మెట్రో మెట్ల కింద, బత్తాయి తొక్క తీస్తూ, బ్లాక్‌చైన్ అర్థం చేయించారు. లెక్క ఒకడి దగ్గర కాక అందరి దగ్గరా ఉంటుంది. సరిచూసే సాక్షులు తమ సొమ్ము పూచీకత్తుగా పెడతారు. అబద్ధమాడితే అది పోతుంది, కనుక ఆడరు. అదే గేమ్ థియరీ అనేవారు. “మీ బైబిల్ లేఖనంలో లేదుటండీ?”

ఉంది. అబద్ధ సాక్షి పొరుగువాడికి తలపెట్టిన కీడు వాడి తలమీదికే రావాలని ఉంది.

“దాన్ని మీరు శిక్ష అంటారు, నేను కంచె అంటాను. దూకే ముందే కనబడాలండీ.”

మా సహవాసానికి వచ్చే మ్యాచింగ్ సెంటర్ అక్క ఆ కాయిన్ కొనబోతుంటే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

“పదిమంది సాక్షులున్నరంట సార్. ఇంకేం పరేషాన్?”

“ఆ పదిమందీ వేరువేరు మనుషులని ఎవరు చెప్పారమ్మా?”

“యాప్‌ల ఉన్నది.”

“యాప్ ఎవరిది?”

అక్క ఫోన్ తీసి యాప్ తెరిచి చూసింది.

“బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో ఒక్కడే పది పేర్లతో పాడగలడా?”

“ఎట్ల పాడ్తడు సార్? మొకం కనవడ్తది గద. ఊరంత తంతది.”

“మరి ఇక్కడ ముఖమేదమ్మా?”

“నోరు మూపిచ్చిన్రు గద సార్,” అని నవ్వింది. కొనలేదు.

తర్వాత ఆయన వాళ్ల మీటింగుకే వెళ్లి మైకులో ఇదే అడిగారు. రెక్క పట్టి బయటికి తోశారు. హాల్లో చాలామందికి అనుమానం ఉంది. పక్కవాడికీ ఉందని తెలియక ఎవరూ కదల్లేదు. “అనుమానం గొంతులో ఉన్నంతసేపూ అమ్మేవాడికే లాభం,” అన్నారు మాస్టారు, చిరిగిన జేబు సర్దుకుంటూ.

ఈ సాయంత్రం ఎల్‌బీ నగర్ ఫంక్షన్ హాల్లో ఆయన ఫోటో ముందు దీపం పెట్టి మళ్లీ అమ్ముతారట. తెలిసీ నోరు విప్పని సాక్షి మీద కూడా లేఖనం దోషం మోపింది. రండి. ముందు వరుసల్లో కూర్చోండి. ఆయన ప్రశ్న అడగడానికి ఒక్కరు లేస్తే తోసేస్తారు, అందరం లేస్తే తోయడానికి వాళ్ల దగ్గర అన్ని చేతులు లేవు. హాలు నిండా కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగిన చప్పుడు వాళ్లకు వినబడాలి, ఇవాళే.