రేడియేటర్ మీద చెయ్యి

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే రోడ్డులో, గార దాటిన తరువాత ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. కారు వేడెక్కితే అక్కడికి తీసుకెళ్ళాలని ఆ చుట్టుపక్కల డ్రైవర్లందరికీ తెలుసు.

షెడ్డు అప్పలసూరిది. అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, తక్కువ మాట్లాడతాడు. బండి రాగానే ఇంజను ఆపొద్దంటాడు. బానెట్ ఎత్తి, చొక్కా చేతులు పైకి మడిచి, కుడిచెయ్యి లోపలికి పోనిస్తాడు. ముందు పై గొట్టం పట్టుకుంటాడు. ఇంజనులో కాగిన నీళ్ళు రేడియేటర్‌లోకి వచ్చేది అందులోంచే. తరువాత కింది గొట్టం. రేడియేటర్‌లో చల్లబడిన నీళ్ళు మళ్ళీ ఇంజనులోకి పోయేది దాంట్లోంచి. అప్పుడు ఇంజను ఆపించి, ఫ్యాను నిలిచాక, రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి జరుపుతాడు. చూలుతో ఉన్న ఆవు డొక్క తడిమినట్టు ఉంటుంది.

పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే లోపల దారి మూసుకుపోయింది. రెండూ ఒకేలా కాలుతుంటే నీళ్ళు తిరుగుతున్నాయి, గాలి చాలడం లేదు. ఫ్యానూ బెల్టూ చూడాలి. రేడియేటర్ మీద ఎక్కడైనా చల్లటి మచ్చ తగిలితే అక్కడ ఉప్పు పేరుకుంది. ఆ ఊళ్ళలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. బండిలో పోయొద్దని అతను అందరికీ చెబుతాడు. అందరూ పోస్తారు.

ఇదంతా అతనికి ఎవరూ నేర్పలేదు. పదహారేళ్ళ వయసులో అతను నాన్న వరిచేలో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను దగ్గర కూర్చునేవాడు. దాని మీద చెయ్యి పెట్టి, ఇంకెంతసేపు నడుస్తుందో, ఎప్పుడు ఆపాలో చెప్పేవాడు. పక్క చేలవాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు పొలం తమ్ముడికి వదిలి రోడ్డు పక్కకు వచ్చేశాడు.

వీధిలో పిల్లలకు జ్వరం వస్తే తల్లులు అతని దగ్గరికే తెచ్చేవారు. నుదుటి మీద చెయ్యి పెట్టి నూట ఒకటి అనేవాడు. తరువాత థర్మామీటరు పెట్టి చూస్తే నూట ఒకటే ఉండేది. అతని భార్య చిన్నతల్లి దెప్పేది. "ఊరందరి జొరం తెలస్తాది నీకు. మూన్నాళ్ళ నుంచి నేను మూలుగుతన్నాను, నా మీద సెయ్యేసినావేటి?"

ఆరేళ్ళ కిందట అతనికి షుగరు ఉందని తేలింది. మందులు వాడాడు, మానేశాడు, మళ్ళీ వాడాడు. ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడితే చిన్నతల్లి రెండో చెప్పు ఏదని అడిగింది. అతను కిందికి చూసుకున్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఆమె వెనక్కి నడిచి వెళ్ళి టీ కొట్టు ముందు దాన్ని వెతికి తెచ్చింది. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

తరువాత వేళ్ళు. మొదట చివర్లు తిమ్మిరెక్కినట్టు ఉండేవి. ఒకరోజు అతను పొయ్యి మీది గంజి గిన్నెను గుడ్డ లేకుండా రెండు చేతులతో ఎత్తి, నెమ్మదిగా కింద పెట్టాడు. చర్మం గిన్నెకు అంటుకుంది. అతని ముఖం మారలేదు. చిన్నతల్లి చేతులు కడిగి మందు రాసింది. ఆ వారమే శ్రీకాకుళం తీసుకెళ్ళింది. నరాలు దెబ్బతిన్నాయని, ఇంకా పాడవకుండా చూసుకోవచ్చునని, పోయింది తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు.

తిరిగి వస్తుంటే బస్సులో ఆమె అడిగింది, షెడ్డు దగ్గర ఎవరికైనా చెప్పావా అని.

"సెప్పీదానికేటున్నాది," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె అన్నం తన వేళ్ళతో చూసి, చల్లార్చి, అతని ముందు పెట్టడం అలవాటు చేసుకుంది.

షెడ్డులో అతను ఏడాదికి పైగా నెట్టుకొచ్చాడు. గొట్టాల మీద చెయ్యి పెట్టేవాడు, చూసేవాళ్ళ కోసం. అసలు సంగతి వేరే దార్లలో తెలుసుకునేవాడు. ఎవరూ చూడనప్పుడు గొట్టాల మీద నాలుగు నీటి చుక్కలు చల్లి ఏది ముందు ఆరుతుందో గమనించేవాడు. నీళ్ళ రంగు చూసేవాడు, వాసన చూసేవాడు. శ్రీకాకుళం షెడ్లలో వేడి కొలిచే చిన్న యంత్రాలు వచ్చాయి. గురిపెట్టి నొక్కితే అంకె చూపిస్తాయి. అతను కొనలేదు. కొంటే ఎందుకని అడుగుతారు.

ఏప్రిల్‌లో దేవేంద్ర వచ్చాడు. కళింగపట్నం కుర్రాడు, ముప్పై దాటలేదు. అద్దెకు తిప్పే పాత డీజిల్ కారు ఒకటి ఉంది. భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు ఆ కారు మీదే బతుకుతున్నారు. ఎత్తు ఎక్కితే వేడి చూపించే మీటరు ముల్లు పైకి పోతోందన్నాడు. శ్రీకాకుళంలో మనుషులు ఎదురు చూస్తున్నారని, తొందరగా చూడమని అన్నాడు. షెడ్డులో అప్పటికే నలుగురు డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళూ వచ్చి బానెట్ చుట్టూ నిలబడ్డారు. నీళ్ళు చల్లి చూసే వీలు లేదు.

అప్పలసూరి చెయ్యి లోపల పెట్టాడు. పై గొట్టం పట్టుకున్నాడు. రబ్బరు తెలిసింది. లోపలి అదురు తెలిసింది. కింది గొట్టం పట్టుకున్నాడు. అదే రబ్బరు, అదే అదురు.

"రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు.

ఫ్యాను బెల్టు కొంచెం వదులుగానే ఉంది. అది మార్చి, నీళ్ళు నింపి పంపించాడు.

మూడో రోజు ఒక ట్రాక్టరు ఆ కారును తాడు కట్టి లాక్కొచ్చింది. దేవేంద్ర కారులోనే స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ఎండి తెల్లటి చారలు కట్టింది. అతను ఎవరినీ తిట్టలేదు. జరిగింది చెప్పాడు. ఒక పెద్దాయననూ ఆయన భార్యనూ శ్రీముఖలింగం తీసుకెళ్తున్నాడు. నరసన్నపేట దాటాక ముల్లు పైకి లేచింది. ముందు సీట్లో ఉన్న పెద్దాయన రెండుసార్లు చూపించాడు.

"మీటరు పాడైపోనాదండి, మా మావ సెయ్యెట్టి సూసినాడు అన్నాను," అన్నాడు దేవేంద్ర. "నీ సెయ్యి కన్నా ముల్లుకి ఎక్కువ తెలస్తాదా మావా. ఆపనేదు. తోలుకెల్లిపోనాను."

జలుమూరు చేరకముందే ఇంజను తనంతట తానే పట్టేసి ఆగిపోయింది. ముసలివాళ్ళిద్దరూ ఎండలో చాలాసేపు నిలబడి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఇంజను విప్పడానికి రెండు రోజులు పట్టింది. పైభాగం వంగిపోయి ఉంది. ఒక పిస్టను సిలిండరును గీరేసింది. రెండో రోజు మధ్యాహ్నం అప్పలసూరి రేడియేటర్ ఊడదీసి, ఇటుకల మీద నిలబెట్టి, పైనుంచి బకెట్టుతో నీళ్ళు పోశాడు. కిందనుంచి దారం లాంటి ధార వచ్చింది. నీళ్ళు పైకి పొంగి పొర్లిపోయాయి. కింది సగం తెల్లగా గట్టిపడిన ఉప్పుతో నిండిపోయి ఉంది. మూడు రోజుల్లో పేరుకునే ఉప్పు కాదది. ఆ రోజు కింది గొట్టం చల్లగా ఉండి ఉంటుంది. పదహారేళ్ళప్పుడు అతను పట్టుకున్నా తెలిసేది.

దేవేంద్ర పక్కన గొంతుక్కూర్చుని ఆ ధారను చూస్తున్నాడు. తప్పు తనదేనన్నాడు. వద్దని చెప్పినా బోరు నీళ్ళు పోశానన్నాడు. పోయిన ఏడాదంతా అవే పోశానన్నాడు.

చిన్నతల్లి అప్పుడే క్యారేజీ తీసుకుని వచ్చి షెడ్డు నీడలో కూర్చుంది. ఆ మాట ఆమె కూడా విన్నది. మూత తీసి, వేళ్ళతో అన్నం విప్పుతూ ఉండిపోయింది. తల ఎత్తలేదు.

అప్పలసూరి ఖాళీ బకెట్టు పక్కన పెట్టాడు. అవునంటే అయిపోయేది.

"ఒరే దేవేంద్రా. నా సేతులకి వేడి తెల్దు."

"ఏటి?"

"వేడి తెల్దు, సల్ల తెల్దు. ఏడాది దాటిపోనాది."

దేవేంద్ర అతని చేతుల వైపు చూశాడు. గ్రీజు, గోళ్ళ కింద నలుపు, పాత కాలిన మచ్చలు. ఎప్పుడూ ఉన్న చేతులే.

"మరి ఆ రోజు సెయ్యెట్టినావు."

"ఎట్టినాను."

"రెండూ ఒకేలా ఉన్నాయన్నావు."

"నాకు ఒకేలా ఉన్నాయి."

దేవేంద్ర లేచాడు. రోడ్డు అంచుకు వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. చేపల బుట్టలతో ఒక వ్యాను వెళ్ళింది. ఆ వాసన కాసేపు ఉండి పోయింది. అతను తిరిగి లోపలికి రాలేదు. నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పలసూరి బండి బాగు చేశాడు. పదిహేను రోజులు పట్టింది. ఆ రోజుల్లో వేరే బండి ముట్టుకోలేదు. సిలిండరూ పైభాగమూ శ్రీకాకుళంలో లేతు మీద పెట్టించి తెచ్చాడు. కొత్త పిస్టను, కొత్త రేడియేటర్ బిగించాడు. మంచినీటి ట్యాంకు నుంచి నీళ్ళు తెచ్చి, రంగు కూలెంటు కలిపి పోశాడు. కబురు పంపితే దేవేంద్ర వచ్చాడు.

ఇంజను నడుస్తోంది. ముల్లు మధ్యకు వచ్చి ఆగింది. అప్పలసూరి చేతులు వెనక్కి పెట్టుకుని బానెట్ పక్కన నిలబడ్డాడు.

"పట్టుకుని సూడు."

దేవేంద్ర పై గొట్టం పట్టుకుని వెంటనే చెయ్యి తీసేశాడు. కాలుతోందన్నాడు. కిందిది పట్టుకున్నాడు. వేడిగానే ఉంది, పట్టుకోగలనన్నాడు.

"అలగే ఉండాల," అన్నాడు అప్పలసూరి.

దేవేంద్ర బానెట్ దించి సీట్లో కూర్చున్నాడు. ఎల్లొస్తాను అన్నాడు. మావా అనలేదు.

కారు రోడ్డెక్కింది. చిన్నతల్లి షెడ్డు నీడలో క్యారేజీ విప్పుతోంది. అప్పలసూరి కారును చూస్తూ నిలబడ్డాడు. కల్వర్టు దగ్గరికి వెళ్ళాక అది పక్కకు తిరిగి ఆగింది. దేవేంద్ర దిగాడు. బానెట్ ఎత్తాడు. వంగి, చెయ్యి లోపల పెట్టాడు. ఒకసారి పైన, ఒకసారి కింద. అంత దూరం నుంచి కూడా అది ఏమిటో అప్పలసూరికి తెలుసు. నలభై ఏళ్ళలో తను పంపిన బండిని అలా మళ్ళీ ఎవరూ చూసుకోలేదు.

బానెట్ పడిన చప్పుడు కాస్త ఆలస్యంగా వినిపించింది. కారు కదిలి, మలుపు తిరిగింది.

అతను వచ్చి చాప మీద కూర్చున్నాడు. చిన్నతల్లి కూడా చూసింది. పళ్ళెంలో అన్నం పెట్టి వేళ్ళతో విప్పింది. ఆవిరి లేచింది. అతను చెయ్యి చాపాడు. ఆమె పళ్ళెం తన వైపుకు జరుపుకుంది.

"ఆగు, కాల్తాది," అంది.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె చెప్పేదాకా అలాగే కూర్చున్నాడు.