దొంగపప్పు

టేకుమట్ల ఉప్పలమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన నాటినుంచి కారం మెతుకులే. కుట్లున్నోళ్లు పప్పు తింటే చీము పడతదని ఆ ఇంట్ల చట్టం పెట్టింది ఆమే. కోడలు కళ్యాణికి పెద్దాపరేషన్ అయి మనవడు పుట్టినప్పుడు ఒక్క గంటె పప్పు ముట్టనియ్యలేదు.

అసొంటి ఉప్పలమ్మ, ఇంట్ల ఎవరూ లేంది చూసి, మనవడికని వండిన ముద్దపప్పు గిన్నె ఊడ్చేసింది. తిన్నంక భయం పట్టుకుంది. చీము పట్టొద్దని పసుపు, నూనె కలిపి కుట్ల మీద మెత్తి పాత చీరపేలిక కట్టుకుంది. రెండ్రోజులు తిరగకముందే జరమొచ్చింది. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నా దుప్పటి ముసుగులో నోరు మెదపలేదు. చెప్తే పప్పు సంగతి బయటపడతది!

నీళ్లియ్యబోయిన కళ్యాణి చెయ్యి తగిలి ఉలిక్కిపడ్డది. "అత్తమ్మా, ఒళ్లు పెనమోలె కాలుతుంది! ఎప్పటిసంది జరం?"

కళ్యాణి అప్పటికప్పుడు ఆటో మాట్లాడి భూపాలపల్లి దవాఖానకు తోలుకపోయింది. గుంత వచ్చినప్పుడల్లా ఉప్పలమ్మ కడుపు పట్టుకుని మూలిగింది.

నర్సు కట్టు విప్పంగనే వాసన గుప్పుమంది. కుట్ల నడుమ చీము.

"పప్పు తిన్న బిడ్డా," అని ఉప్పలమ్మ బావురుమంది.

"పప్పుతోని చీమెట్ల పడతది అవ్వా? పప్పు తింటే పుండు జల్ది మానుతది. గీ పసుపే కొంప ముంచింది. జర ఆలస్యమైతే విషం రక్తంలకు పాకేది!" అని నర్సు గద్దించింది.

కళ్యాణి అత్త దిక్కు తిరిగింది.

"మరి నా నోరెందుకు కట్టిచ్చినవ్, అత్తమ్మా?"